మందు పనిచేసేలోపు: డిప్రెషన్ టాబ్లెట్ల తొలి వారాలు

[దృశ్యం: అలమరలో, పాత బిల్లుల కింద ఒక టాబ్లెట్ల స్ట్రిప్. పదిలో నాలుగు గూళ్లు ఖాళీ. ఆరు అలాగే ఉన్నాయి.]

ఈ స్ట్రిప్ నాది. ఎస్సిటాలోప్రామ్. నాలుగు రోజులు వేసుకుని మానేశాను. పళ్లు తోముకుంటుంటే కడుపులో తిప్పేది. రాత్రి నిద్ర లేదు, ఒకటే గుండె దడ. ఉన్న బాధ చాలదన్నట్టు ఇదొకటా అనిపించింది. డాక్టరుగారికి ఫోన్ కూడా చేయలేదు. ఐదు నెలల తర్వాత అంతకంటే అధ్వాన్నమైన స్థితిలో మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లాను. ఒక్క మాట ముందే తెలిసి ఉంటే ఆ ఐదు నెలలు పోయేవి కావు.

ఆ మాట ఇది. ఈ మందుల్లో ఇబ్బంది ముందు వస్తుంది, మేలు తర్వాత వస్తుంది.

[యానిమేషన్: మనిషి బొమ్మ. ముందు పొట్ట దగ్గర వెలుగు, చాలాసేపటికి తలలో వెలుగు.]

ఎందుకలా? ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్, ఫ్లూయోక్సెటిన్ లాంటివి సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేస్తాయి. సెరటోనిన్ అనగానే మెదడే గుర్తొస్తుంది గానీ, మన ఒంట్లో ఉన్నదాంట్లో సుమారు 90 శాతం పేగుల్లోనే ఉంటుంది. అందుకే టాబ్లెట్ మొదలైన ఒకటి రెండు రోజుల్లోనే వికారం, విరేచనాలు, ఆకలి లేకపోవడం మొదలవుతాయి. మెదడు ఆ మార్పుకు సర్దుకుని మనసు తేలికపడటానికి మాత్రం రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మందు చెడ్డదేమో అని మనం అనుమానించే రోజులూ, అది ఇంకా పని మొదలుపెట్టని రోజులూ ఒకటే.

వికారం, తలనొప్పి, కంగారు, మగత లాంటివి చాలామందికి ఒకటి రెండు వారాల్లో తగ్గుముఖం పడతాయి. ఆ రోజులు గడవడానికి నాకు పనికొచ్చినవి చెప్తాను. ఖాళీ కడుపుతో కాకుండా టిఫిన్ తిన్నాక వేసుకోవడం. పులుసులు, వేపుళ్లు పక్కనపెట్టి రెండిడ్లీలో, పెరుగన్నమో కొంచెం కొంచెంగా తినడం. మధ్యాహ్నం తర్వాత కాఫీ మానేయడం. నిద్ర చెడగొడుతుంటే టాబ్లెట్ పొద్దున, మత్తుగా ఉంటే రాత్రి వేసుకోవచ్చేమో డాక్టరుగారిని అడగండి. మత్తుగా ఉన్న రోజుల్లో బండి తీయకండి. మద్యం తాగకండి. డోసు చిన్నదిగా మొదలుపెట్టి పెంచమని కూడా అడగవచ్చు. నాకు రెండోసారి 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారం తర్వాత 10 చేశారు. అప్పుడు తట్టుకోగలిగాను.

తొలి రోజుల కంగారుకు చాలామందికి క్లోనాజెపామ్ కూడా కలిపి రాస్తారు. కొన్నాళ్లపాటు అది నిజంగానే ఊరట. కానీ అలవాటు పడేది అదే. డిప్రెషన్ టాబ్లెట్లకు అలవాటు పడిపోతావని ఇంట్లో భయపెడుతుంటారు కదా, ఆ భయం పెట్టుకోవాల్సింది దీనితోనే. చీటీ తీసుకునేటప్పుడే “ఇది ఎన్ని రోజులు, ఎలా తగ్గించాలి” అని అడిగి, ఆ చీటీ మీదే రాయించుకోండి.

[దృశ్యం: చిన్న నోట్‌బుక్. ఒక్కో తేదీ పక్కన రెండు ముక్కలు.]

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. రోజూ రెండు లైన్లు చాలు. ఎన్ని గంటలు నిద్రపోయాను, కడుపు ఎలా ఉంది, స్నానం చేయబుద్ధయిందా. డాక్టరుగారి ముందు కూర్చున్నప్పుడు “ఏదోలా ఉందండీ” తప్ప ఇంకేం గుర్తురాదు. అదే “మూడో రోజు నుంచి రాత్రి రెండింటికి మెలకువ వస్తోంది” అంటే, తర్వాత ఏ మందు రాయాలో ఆయనకు దారి దొరుకుతుంది. మీరు పడ్డ ఇబ్బంది అలా లెక్కలోకి వస్తుంది.

ఇక ఓర్చుకోకూడనివి. ఇక్కడ నెమ్మదిగా చెప్తాను.

[తెర మీద పెద్ద అక్షరాల్లో: 14416]

కుదురుగా కూర్చోలేనంత అల్లాడిపోతుంటే, కాళ్లు ఆగకపోతే, చనిపోవాలన్న ఆలోచన కొత్తగా వచ్చినా, ఉన్నది పెరిగినా, ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. ముఖ్యంగా 25 ఏళ్లలోపు వాళ్ల విషయంలో, మందు మొదలుపెట్టినప్పుడూ డోసు మార్చినప్పుడూ ఇంట్లోవాళ్లు కనిపెట్టుకుని ఉండాలి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో పిల్లలు, టీనేజీ వాళ్ల గురించి ఈ హెచ్చరిక పెట్టింది, 2007లో 24 ఏళ్ల వరకూ పొడిగించింది. డాక్టరు దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. తెలుగులో మాట్లాడతారు, ఏ వేళలోనైనా. ప్రాణాపాయం అనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

నిద్ర లేకపోయినా అలసట లేకుండా, ఉన్నట్టుండి విపరీతమైన హుషారుతో డబ్బులు ఖర్చుపెట్టేస్తుంటే, అది “నయమైపోయింది” అనుకోవద్దు. బైపోలార్, అంటే కుంగుబాటూ విపరీతమైన హుషారూ మార్చి మార్చి వచ్చే జబ్బు, ఉన్నవాళ్లలో ఈ మందులు అలా తిప్పేయవచ్చు. జ్వరం, ఒళ్లు బిగుసుకోవడం, వణుకు, అయోమయం కలిసి వస్తే నేరుగా ఆసుపత్రికే. నొప్పులకు ఇచ్చే ట్రామడాల్ లాంటి మందులు వీటితో కలిసినప్పుడు అలా జరగవచ్చు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. అందుకే మెడికల్ షాపులో ఒళ్లునొప్పుల టాబ్లెట్ అడిగేటప్పుడు కూడా ఈ మందు పేరు చెప్పండి. పెద్దవాళ్లలో, ముఖ్యంగా బీపీకి నీరు తీసే టాబ్లెట్ వాడేవాళ్లలో, ఒంట్లో సోడియం పడిపోవచ్చు. తూలిపోతున్నా, మాట తడబడినా వయసు మీదకి తోసేయకుండా రక్త పరీక్ష చేయించండి.

[దృశ్యం: కెమెరా దగ్గరగా. నేపథ్య సంగీతం ఆగుతుంది.]

మన ఇళ్లలో ఎవరూ నోరు విప్పని ఇబ్బంది ఒకటుంది. ఈ మందులతో లైంగిక కోరిక తగ్గడం, తృప్తి ఆలస్యం కావడం లేదా అసలు లేకపోవడం చాలామందిలో కనిపిస్తుంది. మగవాళ్లకీ, ఆడవాళ్లకీ కూడా. వికారంలాగా ఇది రెండు వారాల్లో పోకపోవచ్చు. భార్యాభర్తల మధ్య దూరం పెరుగుతుంది, కారణం మందని ఇద్దరికీ తెలియదు. కొందరు ఈ కారణానికే చెప్పకుండా మానేస్తారు. దయచేసి చెప్పండి. పక్కన అమ్మో అన్నయ్యో ఉంటే “డాక్టరుగారితో రెండు నిమిషాలు ఒక్కడినే మాట్లాడాలి” అని అడగండి, “ఒక్కదాన్నే” అని అడగండి. అది మీ హక్కు. డోసు తగ్గించవచ్చు. ఈ ఇబ్బంది తక్కువగా ఉండే బ్యూప్రోపియాన్, మిర్టజాపిన్ లాంటివి ఆలోచించవచ్చు. వాటి లెక్కలు వాటికున్నాయి. మిర్టజాపిన్‌తో నిద్ర, ఆకలి, బరువు పెరుగుతాయి. నిద్రా తిండీ లేక చిక్కిపోయినవాళ్లకు అదే మేలవుతుంది. బ్యూప్రోపియాన్ మూర్ఛ ఉన్నవాళ్లకు పనికిరాదు.

మొదటి మందే అందరికీ కుదరదు. అమెరికాలో సుమారు 4,000 మందితో స్టార్-డి అనే పెద్ద అధ్యయనం జరిగింది. అందులో మొదటి మందుతో లక్షణాలు పూర్తిగా తగ్గినవాళ్లు మూడింట ఒక వంతే. మిగతావాళ్లలో చాలామందికి మందు మార్చాల్సి వచ్చింది, లేదా ఇంకొకటి కలపాల్సి వచ్చింది. నాకు కుదిరింది మూడోది. రెండోది తీరా ఆరు వారాలు వేసుకున్నాక పనిచేయలేదని తెలిసినప్పుడు క్లినిక్ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. లోపం నాలోనే ఉందనుకున్నాను. సరైన డోసులో నాలుగు నుంచి ఆరు వారాలు ఇచ్చాకే ఒక మందు మీద తీర్పు చెప్పగలం. నాలుగో వారానికి ఏ కాస్త మార్పూ లేకపోతే డాక్టరుగారిని మీరే అడగండి, “ఇప్పుడేం చేద్దాం?”

మార్చాలన్నా, ఆపాలన్నా మీ అంతట మీరు చేయకండి. పరాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ ఒంట్లోంచి త్వరగా పోతాయి. ఒక్కసారిగా ఆపితే తల తిరుగుతుంది, తలలో కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమంటుంది. ఫ్లూయోక్సెటిన్ వారాల తరబడి ఉండిపోతుంది కాబట్టి ఆ బాధ తక్కువ, కానీ కొత్త మందు మొదలుపెట్టేటప్పుడు అదీ లెక్కలోకి తీసుకోవాలి. ఈ లెక్క డాక్టరుది.

[దృశ్యం: వంటింట్లో ఇద్దరు. ఒకరు ఇడ్లీ ప్లేటు ముందు పెడుతున్నారు.]

చివరగా ఇంట్లోవాళ్లతో ఒక మాట. మీ చెల్లో, భర్తో, కొడుకో ఇవాళ ఈ టాబ్లెట్ మొదలుపెట్టి ఉంటే, “ఇంకా ఎన్నాళ్లు ఈ మాత్రలు” అని అడగకండి. మూడో రోజు రాత్రి పక్కన కూర్చుని “కడుపులో ఎలా ఉంది, నిన్న నిద్ర పట్టిందా?” అని అడగండి. చెప్పింది ఆ నోట్‌బుక్‌లో మీరే రాసిపెట్టండి. రాసే ఓపిక వాళ్లకు ఉండదు.