కొరియా సంప్రదాయ వైద్యంలో బరువు తగ్గడం: కషాయం కొనేముందు ఇది చూడండి

నమస్కారమండీ. కొరియన్ స్లిమ్మింగ్ కషాయం అని ఫోన్‌లో యాడ్ కనిపించగానే ఆర్డర్ పెట్టేద్దామనుకుంటున్నారా? ఒక్క ఐదు నిమిషాలు ఆగండి.

కొరియాలో ఈ వైద్యం చేసేవాళ్లు ఆరేళ్లు కాలేజీలో చదివి, ప్రభుత్వ పరీక్ష రాసి లైసెన్స్ తీసుకున్న డాక్టర్లు. బరువు తగ్గాలని వెళ్తే నాడి చూస్తారు, చెమట బాగా పడుతుందా, తిన్నది అరుగుతోందా, విరేచనం సాఫీగా అవుతోందా అని అడుగుతారు.

ఈ ప్రశ్నల వెనక లీ జే-మా అనే వైద్యుడు ఉన్నాడు. ఆయన 1894లో పూర్తిచేసిన గ్రంథంలో మనుషుల్ని నాలుగు దేహతత్వాలుగా విడదీశాడు: తేయాంగ్, తేఉమ్, సోయాంగ్, సోఉమ్. పదివేల మంది ఉన్న ఊళ్లో 5000 మంది తేఉమ్, 3000 మంది సోయాంగ్, 2000 మంది సోఉమ్ ఉంటారని ఆయన అంచనా. తేయాంగ్ వాళ్లు చాలా అరుదు.

తేఉమ్ వాళ్లకు కాలేయం బలం, ఊపిరితిత్తులు బలహీనం అంటారు. ఒళ్లు తొందరగా చేసేది వీళ్లకే. చెమట ధారాళంగా పడితే వీళ్లు ఆరోగ్యంగా ఉన్నట్టు లెక్క. అదే సోఉమ్ వాళ్లకు ఎక్కువ చెమట మంచిది కాదు, తిన్నది చక్కగా అరగడమే గుర్తు. అందుకే ఇద్దరికీ ఒకే మందు ఇవ్వరు. మన వాత, పిత్త, కఫాలతో దీన్ని జత కలపకండి, లెక్క వేరు. ఈ విభజనను ఆధునిక శాస్త్రం ఇంకా గట్టిగా నిరూపించలేదు. అయినా మనిషిని చూసి మందు ఇవ్వాలన్న పట్టుదల నాకు చాలా నచ్చుతుంది.

ఇప్పుడు అసలు విషయం. తేఉమ్ వాళ్లకు ఎక్కువగా రాసే కషాయం తేఉమ్-జోవి-తాంగ్. ఇదిగో, ఈ గిన్నెలో ఉన్నవి యుల్ము అనే ధాన్యం గింజలు. బార్లీ కంటే లావుగా, తెల్లగా, మధ్యలో లోతైన గాడితో ఉంటాయి. వీటితోపాటు చెస్ట్‌నట్, ముల్లంగి విత్తనాలు పడతాయి. ఇంతవరకు వంటింటి సరుకులాగే ఉంది కదా? కానీ ఇందులో మహ్వాంగ్ కూడా ఉంటుంది. అంటే ఎఫెడ్రా అనే మొక్క. దానిలోని ఎఫెడ్రిన్ ఆకలిని చంపుతుంది, గుండె వేగాన్ని, బీపీని పెంచుతుంది. నిద్ర పట్టదు, నోరు ఎండిపోతుంది. ఎఫెడ్రిన్ ఉన్న డైట్ సప్లిమెంట్లను అమెరికా 2004లో నిషేధించింది.

కాబట్టి ప్యాకెట్ వెనక ఎఫెడ్రా, మహ్వాంగ్, మా హువాంగ్ అన్న పేర్లలో ఏది కనిపించినా డాక్టర్‌ని అడగకుండా తాగొద్దు. పదార్థాల జాబితానే లేకపోతే అసలు కొనొద్దు. బీపీ, గుండె జబ్బు, హైపర్ థైరాయిడ్ ఉన్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీని జోలికే వెళ్లకండి.

కొరియాలో చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న మనవాళ్లు అక్కడి క్లినిక్‌కి వెళ్తే, వాడుతున్న మందులన్నీ, జలుబు మాత్రతో సహా, చెప్పండి. ఇందులో మహ్వాంగ్ ఉందా, రోజుకు ఎన్ని గ్రాములు అని అడగండి. తాగాక గుండె దడ మొదలైతే ఆ పూటే ఆపేసి డాక్టర్‌కి ఫోన్ చేయండి.