పాత చేతక్, తుప్పు ట్యాంకు, మూలన పడ్డ కుట్టు మిషను: మాస్టారితో ఫోన్-ఇన్

యాంకర్: అందరికీ నమస్కారం. ఆదివారం ఉదయం ఫోన్-ఇన్‌కి స్వాగతం. ఇంట్లో మూలన పడేసిన వస్తువులను మన చేతులతో మనమే బాగుచేసుకోవడం గురించి ఈ వారం కూడా మాట్లాడుకుందాం. ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడు నేర్పి రిటైరైన మాస్టారు మనతో ఉన్నారు. నమస్కారం మాస్టారూ.

మాస్టారు: నమస్కారమమ్మా. కాల్స్ తీసుకునే ముందు ఒక్క మాట. షెడ్డులో గానీ పోర్టికోలో గానీ పని మొదలుపెట్టే ముందు మూడు చూసుకోండి. ప్లగ్గు పీకారా? పెట్రోలు బయటికి తీశారా? గాలి ఆడుతోందా? ఈ మూడూ అయ్యాకే స్పానర్ పట్టుకోండి. పోయిన వారం చెప్పాను, వచ్చే వారం కూడా చెబుతాను.

యాంకర్: తప్పకుండా. మొదటి కాలర్ ఖమ్మం నుంచి. చెప్పండమ్మా.

కాలర్ (ఖమ్మం): నమస్తే సార్. మా అత్తయ్య వాళ్ళ కుట్టు మిషను ఉంది, నల్లది, కాలితో తొక్కేది. పదేళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదు. చక్రం అస్సలు తిరగడం లేదు. మొన్న కొబ్బరినూనె పోశాను, ఇంకా బిగుసుకుపోయింది.

మాస్టారు: అయ్యో, కొబ్బరినూనె ఎందుకు పోశారమ్మా? అది చలికాలం గడ్డకడుతుంది, మిగతా రోజుల్లో బంకగా మారుతుంది. మన ఇళ్ళల్లో మిషన్లు సగం పాడయ్యేది దానివల్లే. ఇప్పుడు ఒక పని చేయండి. మిషను తలను వెనక్కి వంచి, కింద కదిలే జాయింట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూడండి. ఒక్కో దానిలో రెండు చుక్కలు కిరోసిన్ వేసి ఒక రాత్రి వదిలేయండి. కిరోసిన్ దొరక్కపోతే డీజిల్ వేయండి. పొద్దున చక్రాన్ని చేత్తో మెల్లగా ముందుకీ వెనక్కీ కదపండి. బలం పెట్టొద్దు. బంక కరిగి నల్లగా కారుతుంది, గుడ్డతో తుడిచేయండి. తిరగడం మొదలయ్యాక మిషన్ ఆయిల్ వేయండి. ఆ పల్చటి తెల్ల నూనె తప్ప ఇంకేదీ వద్దు.

కాలర్ (ఖమ్మం): పైన బంగారు రంగు పువ్వులు ఉన్నాయి సార్, వాటిని థిన్నర్‌తో తుడవొచ్చా?

మాస్టారు: వద్దమ్మా, వద్దు. ఒక్క తుడుపుకే పోతాయి. తడిగుడ్డతో తుడిచి, ఆరాక అదే మిషన్ ఆయిల్ గుడ్డకి కొంచెం రాసి అద్దండి. ఇంకో సంగతి, బాబిన్ కేసు కింద దూది, దారం ముక్కలు ఇరుక్కుని ఉంటాయి. నూనె పోసే ముందే అది చూడాల్సింది. చాలాసార్లు బిగుసుకునేది అక్కడే.

యాంకర్: ధన్యవాదాలమ్మా. తర్వాత కాలర్ తెనాలి నుంచి. హలో?

కాలర్ (తెనాలి): హలో, హలో మాస్టారూ, నమస్కారమండీ. మూడు వారాల నుంచి ట్రై చేస్తుంటే ఇవాళ లైన్ దొరికిందండీ. మా నాన్నగారి చేతక్ స్కూటర్ ఉందండీ. 1989ది. ఆయన బడిపంతులు. బుక్ చేసి ఏళ్ళు ఎదురుచూసి కొన్నారు. నేను ముందు నిలబడి హ్యాండిల్ పట్టుకునేవాణ్ణి, చెల్లి మధ్యలో, అమ్మ వెనకాల. మంగళగిరి పానకాలస్వామి దగ్గరికి దాని మీదే వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు నాన్నగారికి 78 ఏళ్ళు. సంక్రాంతికి ఒక్కసారి దాని మీద కూర్చుంటాను రా అన్నారు. ఆ మాట అన్న దగ్గర్నుంచి నాకు నిద్ర లేదండీ. రంగు ఏం వేయించాలా, సీటు కవరు ఎక్కడ కుట్టించాలా అని...

మాస్టారు: రంగు తర్వాత బాబూ. బండి ఎన్నాళ్ళుగా ఆగి ఉంది?

కాలర్ (తెనాలి): పన్నెండేళ్ళండీ. మెట్ల కింద పెట్టి దుప్పటి కప్పాం. మొన్న దుప్పటి తీసి, లీటరు పెట్రోలు తెచ్చి పోసి, ఒక యాభైసార్లు కిక్ కొట్టానండీ. మోకాలు వాచింది గానీ బండి పలకలేదు.

మాస్టారు: పాత పెట్రోలు తీశాకే పోశారా?

కాలర్ (తెనాలి): లేదండీ, అడుగున కొంచెం ఉంటే దాని మీదే పోశాను. వార్నిష్ వాసన వచ్చింది.

మాస్టారు: ఆ వాసనే చెబుతోంది. పెట్రోలు ఏళ్ళ తరబడి నిలవుంటే అందులోని తేలిక భాగం ఎగిరిపోయి జిగురు మిగులుతుంది. ట్యాంకు లోపల తుప్పు కూడా పట్టి ఉంటుంది. మీరు కొత్త పెట్రోలు పోయగానే ఆ జిగురూ తుప్పూ కలిసి కాక్‌లోంచి, అంటే ట్యాంకు కింద ఉండే పెట్రోలు కుళాయిలోంచి, పెట్రోల్ని గాలితో కలిపి ఇంజనుకి పంపే కార్బురేటర్‌లోకి దిగాయి. అందులో పెట్రోలు వెళ్ళే జెట్ రంధ్రం సూది మొనంత ఉంటుంది. అది మూసుకుపోయాక యాభై కాదు, ఐదొందలసార్లు కొట్టినా పలకదు. కిక్ కిందకి దిగుతోందా, పట్టేస్తోందా?

కాలర్ (తెనాలి): దిగుతోందండీ.

మాస్టారు: అయితే అదృష్టవంతులు, పిస్టన్ పట్టెయ్యలేదు. అయినా పొడిగా ఉన్న సిలిండర్‌లో అన్నిసార్లు కొట్టకూడదు, రింగులు గీసుకుపోతాయి. స్పార్క్ ప్లగ్ విప్పి, ఆ రంధ్రంలో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి ఒక రోజు వదిలేయండి. తర్వాత ప్లగ్ లేకుండానే చేత్తో కిక్‌ని మెల్లగా పదిసార్లు తిప్పండి. ఆ తర్వాత ట్యాంకు సంగతి.

కాలర్ (తెనాలి): ట్యాంకు గురించే అడుగుదామనుకున్నానండీ. అతుకు దగ్గర చిన్న చెమ్మ వస్తోంది, పెట్రోలు కారుతోంది. మా వీధిలో గేట్లు చేసే ఆయన రేపు పొద్దున్నే వస్తానన్నాడు, ఒక చుక్క వెల్డింగ్ పెడితే పోతుందన్నాడు...

మాస్టారు: ఆగండి, ఆగండి. రేపు ఆయన రాకూడదు.

కాలర్ (తెనాలి): ట్యాంకు ఖాళీ చేసేస్తానండీ.

మాస్టారు: ఖాళీ ట్యాంకే ప్రమాదం బాబూ. నిండా ఉన్న ట్యాంకులో గాలికి చోటు తక్కువ. ఖాళీ ట్యాంకులో పెట్రోలు ఆవిరి, గాలి కలిసి ఉంటాయి. నిప్పురవ్వ తగిలితే అది బాంబే. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, కనపడకుండా అడుగునే కూర్చుంటుంది. అతుకుల్లో ఇంకిన జిగురు వేడెక్కితే మళ్ళీ ఆవిరి పుడుతుంది. ఆరిందని మీరనుకుంటారు, అది ఆరదు. నేను పనిచేసిన చోట ఒకసారి ఇలాంటి పని జరిగింది. ఆ కుర్రాడి చేతులు ఇప్పటికీ నాకు గుర్తున్నాయి. దయచేసి వద్దు.

కాలర్ (తెనాలి): సరేనండీ. అయితే నీళ్ళు పోసి రెండు మూడుసార్లు కడిగేసి...

మాస్టారు: నీళ్ళు పోసినా వద్దు.

కాలర్ (తెనాలి): సబ్బు నీళ్ళతో అయితే వెల్డింగ్ పెట్టొచ్చేమో అని...

మాస్టారు: బాబూ, ఒకే ప్రశ్న మూడోసారి అడుగుతున్నారు. ఇంటి దగ్గర పెట్రోలు ట్యాంకుకి వెల్డింగ్ పెట్టకూడదు. గేట్లు చేసే ఆయన మంచి పనివాడే కావచ్చు, ఇది ఆయన పని కాదు. ట్యాంకులు మాత్రమే బాగుచేసేవాళ్ళు ఉంటారు, వాళ్ళు ఆవిరంతా పోగొట్టే ఏర్పాటు చేసుకునే ముట్టుకుంటారు. విజయవాడ ఆటోనగర్ మీకు గంట దూరంలో ఉంది, అక్కడ అడగండి. లేదంటే వేరే ట్యాంకు దొరుకుతుంది. హైదరాబాద్ పుత్లీబౌలీలో పాత స్కూటర్ల సామాను ఇంకా అమ్ముతున్నారు. నాన్నగారి స్కూటర్ మీద నాన్నగారి ట్యాంకే ఉండాలని మీకు ఉంటుంది, నాకు అర్థమవుతుంది. కానీ మీ ప్రాణం కంటే ఎక్కువ కాదుగా.

కాలర్ (తెనాలి): అవునండీ... సరేనండీ. ట్యాంకు మార్చకుండా లోపలి తుప్పు వదిలించాలంటే?

మాస్టారు: ముందు పెట్రోలంతా మూత బిగుతుగా ఉన్న ఇనప డబ్బాలోకి తీయండి. కాలవలో పోయొద్దు, ఆ పని ఎవరూ చేయొద్దు. మీ మెకానిక్‌కి ఇచ్చేయండి. ట్యాంకు బయటికి తీసి, ఎండతగిలే ఖాళీ చోట పెట్టండి. కాక్ విప్పి ఆ రంధ్రం రబ్బరు బిరడాతో మూయండి. గుప్పెడు చిన్న నట్లు దారానికి గుచ్చి లోపల వేసి, తెల్ల వెనిగర్ పోసి ఊపండి. దారం ఎందుకంటే, నట్లు లోపల ఉండిపోతే మళ్ళీ వెతుక్కోలేరు. ఒక రోజంతా ఉంచి పారబోసి, వంటసోడా కలిపిన నీళ్ళతో కడగండి, లేకపోతే పులుపు లోహాన్ని తింటూనే ఉంటుంది. బాత్రూం యాసిడ్ మాత్రం పోయొద్దు. ఎండలో బాగా ఆరగానే టూటీ ఆయిల్, అంటే ఈ స్కూటర్లకి పెట్రోల్లో కలిపే నూనె, కొంచెం పోసి లోపలంతా తిప్పండి. ఆలస్యం చేస్తే కళ్ళముందే మళ్ళీ ఎర్రగా తుప్పెక్కుతుంది.

కాలర్ (తెనాలి): టైర్లు కూడా గాలి దిగిపోయి ఉన్నాయండీ, నేనే విప్పుకుందామని...

మాస్టారు: ఇది అందరూ వినాలి. చేతక్ చక్రం రిమ్ము రెండు ముక్కలు. నట్లతో కలిపి బిగించి ఉంటుంది. టైరులో గాలి ఉండగా ఆ నట్లు విప్పితే రిమ్ము ముక్క ఎగిరి ముఖానికి తగులుతుంది. గాలి లేనట్టు కనబడినా ముందు వాల్వ్ పిన్ను తీసేయండి. తర్వాతే స్పానర్. ఇక టైరు మీద నాలుగంకెలు ఉంటాయి, చూడండి. 3512 అని ఉంటే 2012లో 35వ వారం తయారైందని. మీ టైరు పాతదైతే పగుళ్ళు లేకపోయినా మార్చేయండి, నాన్నగారిని దాని మీద కూర్చోబెడుతున్నారుగా. ఆర్సీ కూడా చూసుకోండి. 15 ఏళ్ళు దాటిన బండికి రెన్యువల్ ఉండాలి, అది ఐదేళ్ళకోసారి. అది లేకుండా రోడ్డెక్కించొద్దు. వింటేజ్ రిజిస్ట్రేషన్ అంటే 50 ఏళ్ళు దాటాలి, మీది ఇంకా కాలేదు.

యాంకర్: మాస్టారూ, వేరే కాలర్లు కూడా వేచి ఉన్నారు. తెనాలి నుంచి కాల్ చేసిన మీకు ధన్యవాదాలు. ఇప్పుడు వరంగల్.

కాలర్ (వరంగల్): సార్, మా తాతయ్య ట్రంకు పెట్టె. పాత ఎనామిల్ పెయింటు పొరలు పొరలుగా లేస్తోంది. గ్రైండర్‌కి వైర్ బ్రష్ పెట్టి గీకేద్దామని.

మాస్టారు: ఇంట్లో చిన్నపిల్లలున్నారా?

కాలర్ (వరంగల్): పాప ఉంది సార్, రెండేళ్ళు.

మాస్టారు: అయితే గ్రైండర్ వద్దు. పాత ఎనామిల్ పెయింటుల్లో సీసం ఉండేది. మన దేశంలో ఇళ్ళ పెయింట్లలో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు, దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. మీ పెట్టె అంతకంటే ఎన్నో ఏళ్ళ ముందుది. పొడిగా గీకితే ఆ దుమ్ము నేలమీద పడుతుంది, పాప చేతికంటుతుంది, నోట్లో పెట్టుకుంటుంది. పిల్లల మెదడుకి సీసం చాలా చెడు చేస్తుంది. వాటర్ పేపర్‌తో తడిపి రుద్దండి, మాస్కు పెట్టుకోండి, కింద ప్లాస్టిక్ పట్టా పరిచి పని అయ్యాక మొత్తంగా చుట్టేయండి. ఆ బట్టలు విడిగా ఉతకండి. తర్వాత రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేసి, అది ఆరాక...

యాంకర్: వరంగల్ లైన్ కట్ అయినట్టుంది. కర్నూలు నుంచి కాలర్.

కాలర్ (కర్నూలు): సార్, కూలర్ ముట్టుకుంటే జివ్వుమంటోంది, చెప్పులేసుకుంటే ఏం కాదు...

మాస్టారు: చెప్పులేసుకోవడం రిపేరు కాదు నాయనా. ఇప్పుడే ప్లగ్గు పీకేయండి, నేను లైన్‌లో ఉంటాను. పీకారా? మంచిది. ఇనప కూలర్‌కి మూడో పిన్ను, అంటే ఎర్త్, ఉండి తీరాలి. మీ సాకెట్‌లో ఎర్త్ వైరు నిజంగా కలిపి ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. లోపలి పంపు తడిసి కరెంటు లీకవుతుండొచ్చు, పంపు మార్చుకోండి. ఇంటికి 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోండి, కరెంటు లీకైతే అది వెంటనే సప్లై ఆపేస్తుంది. అప్పటిదాకా ఆ కూలర్ వాడొద్దు. ఎండ ఎంత ఉన్నా సరే.

యాంకర్: ధన్యవాదాలు. నెల్లూరు నుంచి?

కాలర్ (నెల్లూరు): నమస్తే సార్. మా అమ్మమ్మ గారి టేకు పడక్కుర్చీ బాగుచేస్తున్నాను. ఇసుక కాగితం పెట్టాను, అవిసె నూనె రెండు పూతలు పూశాను, మెరుపు బాగా వచ్చింది. ఫోటో పంపలేను గానీ చాలా అందంగా ఉంది సార్.

మాస్టారు: చాలా సంతోషమమ్మా. నూనె తుడిచిన గుడ్డలు ఎక్కడ పెట్టారు?

కాలర్ (నెల్లూరు): కుప్పగా బకెట్‌లో వేశాను, షెడ్డులో.

మాస్టారు: ఇప్పుడే వెళ్ళి బయటికి తీసుకురండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డలు కుప్పగా ఉంటే ఆ వేడి బయటికి పోలేక, ఎవరూ అగ్గిపుల్ల గీయకపోయినా మంట అంటుకుంటుంది. నిజంగా జరుగుతుందమ్మా. తీగ మీద విడివిడిగా ఆరేయండి, లేదా నీళ్ళలో ముంచి ఉంచండి. బాగా ఆరి గట్టిపడ్డాకే పారేయండి.

కాలర్ (నెల్లూరు): అమ్మో, ఇప్పుడే వెళ్తున్నాను సార్.

యాంకర్: వెళ్ళండమ్మా. టైం దగ్గరపడింది, చివరి కాల్ తీసుకుందాం. తెనాలి? మళ్ళీ మీరేనా?

కాలర్ (తెనాలి): నేనేనండీ, క్షమించాలి. వెల్డింగ్ ఆయనకి ఫోన్ చేసి రావద్దన్నాను. ఆయనకీ తెలియదట, బాధపడ్డాడు. ఒక్కటే ప్రశ్న, ఆయిల్ ఎంత కలపాలి?

మాస్టారు: మంచి పని చేశారు. లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్. మొదటి ట్యాంకుకి కొంచెం ఎక్కువైనా ఫర్వాలేదు. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు, అది తేమని లాక్కుంటుంది, పాత రబ్బరు పైపులని ఉబ్బిస్తుంది. పైపు కొత్తది వేయండి. ట్యాంకులో పెట్రోలు నెలల తరబడి నిలవుంచొద్దు. స్టార్ట్ చేసేది మాత్రం మెట్ల కింద కాదు, బయట. మూసిన చోట పొగ ప్రాణం తీస్తుంది.

కాలర్ (తెనాలి): సరేనండీ. నాన్నగారు పక్కనే ఉన్నారు, ఒక్కసారి మాట్లాడతారట...

కాలర్ తండ్రి: నమస్కారం మాస్టారూ. దాన్ని ఒక పక్కకి వంచి, కాసేపు ఉంచి, అప్పుడు కొట్టాలి. చెబితే మావాడు వినడం లేదు.

మాస్టారు: నమస్కారమండీ. మీరు చెప్పిందే నిజం, వంచితే పెట్రోలు కార్బురేటర్‌లోకి దిగుతుంది. కానీ ముందు ట్యాంకు, కార్బురేటర్ శుభ్రం కానివ్వండి. అప్పుడు మీరే పక్కన నిలబడి వంచించండి.

కాలర్ తండ్రి: అలాగేనండీ. పండక్కి ఇంకా టైముందిలే.

యాంకర్: ధన్యవాదాలండీ. ధన్యవాదాలు మాస్టారూ. ఇప్పుడు వార్తలు.