ఫోన్-ఇన్: సీల్ విప్పని పాత బేస్‌బాల్ కార్డుల ప్యాకెట్లు – విప్పాలా, దాచాలా?

యాంకర్: నమస్కారం. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళ కోసం మన శనివారం ఫోన్-ఇన్. ఈ వారం పాత బేస్‌బాల్ కార్డుల ప్యాకెట్ల గురించి. అంటే ఆటగాళ్ళ బొమ్మలు అచ్చేసి, కంపెనీలు ప్యాకెట్లలో పెట్టి అమ్మే కార్డులు. కార్డులు సేకరించే, కొని అమ్మే అనుభవం ఉన్న సార్ మనతో ఉన్నారు. నమస్తే సార్.

నిపుణుడు: నమస్తే అండి. ముందే ఒక మాట. ఏ సంవత్సరం, ఏ కంపెనీ, ఏ రకం ప్యాకెట్టు, ఈ మూడూ చెప్పి అడగండి. ఇవి చెప్పకుండా విప్పాలా వద్దా అంటే నేనేం చెప్పలేను.

యాంకర్: సరే సార్. మొదటి కాల్, ఫ్రిస్కో, టెక్సాస్. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే సార్. మావారు పుట్టింది 1980లో. అందుకని పుట్టినరోజుకి 1980లో టాప్స్ కంపెనీ వేసిన వ్యాక్స్ ప్యాకెట్టు, అంటే మైనం కాగితం చుట్టినది, ఒకటి కొన్నాను. పీఎస్ఏ అనే సంస్థ వాళ్ళు పరీక్షించి గ్రేడ్ ఇచ్చిన ప్లాస్టిక్ కేసులో ఉంది. అందులో రికీ హెండర్సన్ రూకీ కార్డు, అంటే ఆయన కొత్తగా ఆడటం మొదలుపెట్టినప్పటి కార్డు, ఉండొచ్చు, విప్పుదాం అంటున్నారు.

నిపుణుడు: వద్దమ్మా. ఆ సెట్‌లో 726 కార్డులు, ప్యాకెట్టుకి 15. హెండర్సన్ వచ్చే అవకాశం సుమారు 48లో ఒకటి. వచ్చిందే అనుకోండి, లోపల చూయింగ్ గమ్ ముక్క ఉంటుంది కదా, అది తగిలి ఒక చివరి కార్డుకి మరక. రెండో చివర కాగితం మైనం మరక. మధ్యలో ఉన్నా బొమ్మ ఒక పక్కకి జరిగి అచ్చయి ఉండొచ్చు. ప్యాకెట్టు ధర వేరు, అందులో ఉందనుకునే కార్డు ధర వేరు. ఆయనకి హెండర్సన్ కావాలంటే ఆ కార్డే విడిగా కొనివ్వండి, ప్యాకెట్టు అలాగే ఉంచండి.

కాలర్: అటక మీద పెట్టొచ్చా సార్?

నిపుణుడు: అస్సలు పెట్టొద్దు. టెక్సాస్ ఎండకి అటక మీద మైనం కరిగి లోపలికి దిగుతుంది. మనుషులుండే గదిలో, ఎండ పడని అల్మారాలో పెట్టండి.

యాంకర్: థాంక్యూ అమ్మా. నెక్స్ట్ కాలర్, ఎడిసన్ నుంచి.

కాలర్: హలో... హలో, వినపడుతోందా?

యాంకర్: వినపడుతోందండి. అక్కడ రేడియో సౌండ్ తగ్గించండి.

కాలర్: ఆ, తగ్గించాను. నమస్తే అండి. మాది తెనాలి. ఇక్కడికొచ్చి చాలా ఏళ్ళయింది. మా పక్కింట్లో ఒక పెద్దాయన ఉండేవారు, ఆయనకి మెట్స్ టీమ్ అంటే ప్రాణం. ఫ్లోరిడా వెళ్ళిపోతూ గరాజ్ సేల్ పెట్టారు. మావాడికి పదకొండేళ్ళు, లిటిల్ లీగ్‌లో, అదే పిల్లల బేస్‌బాల్, ఆడతాడు. వాడు ఆ సేల్‌లో కార్డుల ప్యాకెట్లున్న బాక్స్ ఒకటి పట్టుకుని వదల్లేదు. సరే అని కొన్నాను. మా తోడల్లుడు వచ్చి చూసి, బావా ఇది ముట్టుకోవద్దు, ఇందులో బారీ బాండ్స్ రూకీ ఉంటుంది, పిల్లాడి కాలేజీ ఫీజు వచ్చేస్తుంది అన్నాడు. మావాడేమో రోజూ స్కూల్ నుంచి రాగానే ఆ బాక్స్ ముందు కూర్చుంటాడు. మా ఆవిడ...

నిపుణుడు: ఏ సంవత్సరమండి?

కాలర్: అదే చెప్తున్నా. టాప్స్ అని ఉంది. మా తోడల్లుడు ఇంటర్నెట్‌లో చూసి...

నిపుణుడు: తోడల్లుడిగారి సంగతి తర్వాత చూద్దాం. సంవత్సరం చెప్పండి.

కాలర్: 1987.

నిపుణుడు: విప్పేయండి.

కాలర్: ఆ?

నిపుణుడు: పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని విప్పేయండి. ఎందుకో చెప్తాను. 1952లో టాప్స్ వేసిన మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022లో కోటీ ఇరవై ఆరు లక్షల డాలర్లకి అమ్ముడుపోయింది. ఆ కార్డు ఎందుకంత అరుదు? ఆ కార్డు ఉన్న చివరి సిరీస్, అంటే చివరి విడత, సీజన్ అయిపోయే వేళకి వచ్చింది, సరుకు మిగిలిపోయింది. 1960 ప్రాంతంలో టాప్స్‌లో పనిచేసే సై బర్గర్ మిగిలిన పెట్టెలు పడవకెక్కించి అట్లాంటిక్‌లో పారబోయించాడు. ఇళ్ళల్లో ఉన్నవి తల్లులు చెత్తలో వేశారు. పాతవాటికి ధర పెరగడం చూసి 1980ల రెండో సగంలో జనం బాక్సులకి బాక్సులు కొని దాచారు. కంపెనీలు ఆపకుండా అచ్చు వేశాయి. 1987వి ఎవరూ పారేయలేదండి, ఇప్పటికీ గరాజ్‌లలో గుట్టలున్నాయి. ఆ కాలాన్ని ఇక్కడివాళ్ళు జంక్ వ్యాక్స్, అంటే చెత్త ప్యాకెట్ల కాలం, అంటారు.

కాలర్: మరి బారీ బాండ్స్?

నిపుణుడు: ఉండొచ్చు. ఆ సెట్‌లో 792 కార్డులు. ప్యాకెట్టుకి 17, బాక్స్‌కి 36 ప్యాకెట్లు, మొత్తం 612. ఒక్క బాక్స్‌తో సెట్టే పూర్తవదు. బాండ్స్ 320వ నంబరు, పైరేట్స్ టీమ్ డ్రెస్‌లో ఉంటాడు. మామూలు కండిషన్‌లో ఆ కార్డు కొద్ది డాలర్లకే దొరుకుతుంది. కాలేజీ ఫీజు కాదు, పుస్తకాల ఖర్చు కూడా రాదు. ప్యాకెట్టు ధర వేరు, కార్డు ధర వేరు, ఇందాక చెప్పాను కదా.

కాలర్: అంటే ఇంకో ముప్ఫై ఏళ్ళు దాస్తే...

నిపుణుడు: మీ అబ్బాయికి ఇప్పుడు పదకొండు. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆ బాక్స్ ముందు కూర్చుంటాడా?

కాలర్: అదీ నిజమే. కానీ మా తోడల్లుడు, పైన ప్లాస్టిక్ చుట్టి ఉంది, ఫ్యాక్టరీ సీల్, పోగొట్టొద్దు అన్నాడు.

నిపుణుడు: ఇది అందరూ వినాలి. ఆ రోజుల్లో టాప్స్ వ్యాక్స్ బాక్సులకి ఫ్యాక్టరీలో పైన ప్లాస్టిక్ చుట్టేవాళ్ళు కాదు. మీ బాక్స్‌కి ఉన్నది తర్వాత ఎవరో వేసింది. పరీక్షించి వేసే సంస్థలున్నాయి, వాళ్ళ గుర్తు ఉంటుంది. ఏ గుర్తూ లేకపోతే ఆ ప్లాస్టిక్‌కి విలువ లేదు.

కాలర్: ఏ గుర్తూ లేదండి. అంటే... విప్పమంటారా, వద్దంటారా?

నిపుణుడు: (కాస్త గట్టిగా) విప్పమన్నానండీ! రెండోసారి అడుగుతున్నారు.

కాలర్: కోపం వద్దు సార్, మా ఆవిడకి చెప్పాలి కదా.

నిపుణుడు: కోపం లేదు బాబూ. ఎలా విప్పాలో చెప్తాను, రాసుకోండి. చేతులు కడిగి పూర్తిగా తుడుచుకోండి. ప్యాకెట్టు పైనుంచి చింపొద్దు. వెనక కాగితం మడిచి వేడితో అతికించిన చోట గోరుతో మెల్లగా లేపితే విడిపోతుంది, కాగితం కూడా బాగుంటుంది. గమ్ ముక్క గులాబీ రంగులో పలకలా ఉంటుంది, ముట్టుకుంటే పొడి పొడి అవుతుంది. నోట్లో పెట్టనివ్వకండి. కార్డులకి చెక్క గీతల అంచు ఉంటుంది, ఆ అంచులు తొందరగా తెల్లబడతాయి, టేబుల్ మీద ఈడ్చొద్దు. బాండ్స్, 366వ నంబరు మార్క్ మెక్‌గ్వైర్, 170వ నంబరు బో జాక్సన్, ఇవి వస్తే వెంటనే ప్లాస్టిక్ స్లీవ్‌లో పెట్టించండి. అన్నీ ఒక్కరోజే వద్దు, రోజుకి రెండు ప్యాకెట్లు చాలు. మిగతా కార్డులు నంబర్ల వరుసలో పేర్చుకుంటూ కూర్చుంటే వాడికి ఆ ఏడాది ప్లేయర్లందరూ వచ్చేస్తారు. మీరూ పక్కన కూర్చోండి.

కాలర్: ఒకటి మాత్రం విప్పకుండా ఉంచనా?

నిపుణుడు: ఉంచండి, పక్కింటి పెద్దాయన గుర్తుగా.

కాలర్: చాలా థాంక్సండి. ఇంకొక్కటి, మా తోడల్లుడి దగ్గర...

యాంకర్: సారీ అండి, లైన్లో చాలామంది ఉన్నారు. థాంక్యూ. కుపర్టినో నుంచి, చెప్పండి.

కాలర్: హాయ్ సార్. ఆన్‌లైన్‌లో 1975 టాప్స్ సెల్లో ప్యాకెట్టు చూశాను. పైన జార్జ్ బ్రెట్ రూకీ కనిపిస్తోంది. గ్రేడింగ్ లేదు. కొని విప్పుదామని.

నిపుణుడు: కొనొద్దు. సెల్లో అంటే పారదర్శకమైన కవరు, పైన కింద ఉన్న కార్డులు బయటికి కనిపిస్తాయి. పేరున్న ఆటగాడు పైనే కనిపించే ప్యాకెట్టుకి ఎక్కువ డబ్బొస్తుంది కాబట్టి, వేరే కార్డు తీసి ఇది పెట్టి మళ్ళీ అతికించేవాళ్ళున్నారు. పరీక్ష లేకుండా రూపాయి కూడా పెట్టొద్దు. వ్యాక్స్ ప్యాకెట్టయినా అంతే, వెనక మడత చూడండి. రెండో మడత గీత ఉన్నా, జిగురు మెరుపు కనిపించినా వదిలేయండి.

కాలర్: ధ్రువపత్రం ఉంటే సేఫా సార్?

నిపుణుడు: మేలు, కానీ గుడ్డిగా నమ్మొద్దు. లోగన్ పాల్ అనే యూట్యూబర్ మొదటి ఎడిషన్ పోకెమాన్ కార్డులని 35 లక్షల డాలర్లు పెట్టి సీల్ పెట్టె కొన్నాడు. ధ్రువీకరణ కూడా ఉంది. 2022లో విప్పి చూస్తే లోపల జీఐ జో అనే సైనికుడి బొమ్మల కార్డులున్నాయి.

యాంకర్: అమ్మో. అట్లాంటా కాలర్, త్వరగా చెప్పండి, టైమ్ తక్కువుంది.

కాలర్: సార్, మా మావగారు షాపు నడిపేవారు, ఈమధ్యే పోయారు. నేలమాళిగలో ఉన్న స్టోర్ రూమ్‌లో టేపు కూడా తీయని అట్టపెట్టె ఉంది. హాకీ కార్డులు, 1979 ఓ-పీ-చీ అని కంపెనీ పేరు రాసుంది. విప్పి లెక్కపెట్టనా?

నిపుణుడు: ముట్టుకోకండి! ఏ టేపూ పీకకండి. 2024 ఫిబ్రవరిలో అలాంటి పెట్టే, కెనడాలో రెజైనాలో ఒక ఇంట్లో దొరికింది, వేలంలో 37 లక్షల డాలర్లు పలికింది. 16 బాక్సులు, బాక్స్‌కి 48 ప్యాకెట్లు, ప్యాకెట్టుకి 14 కార్డులు. సెట్‌లో 396 కార్డులు కాబట్టి లెక్క ప్రకారం పాతిక పైనే వేన్ గ్రెట్స్కీ అనే పెద్ద హాకీ ఆటగాడి రూకీలు ఉండాలి. అప్పటిదాకా ఎవరూ చూడలేదు, ఆ చూడకపోవడానికే ఆ ధర. మీ దగ్గరున్నది అదేనో కాదో ఫోన్‌లో చెప్పలేను. అన్ని వైపులా ఫొటోలు తీయండి, పెద్ద వేలం సంస్థకి పంపండి. మీ మావగారి కొనుగోలు బిల్లులుంటే పారేయకండి. పన్ను సంగతి సీపీఏని, అంటే లెక్కలు చూసే అకౌంటెంటుని, అడగండి. వారసత్వంగా వచ్చినదానికి, ఆయన పోయిన రోజు ఉన్న విలువ నుంచి లెక్క మొదలవుతుంది, అందుకని ఆ రోజు విలువ ఇప్పుడే రాయించి పెట్టుకోండి.

కాలర్: నేలమాళిగలో తేమగా ఉంది సార్, పైకి తేవచ్చా?

నిపుణుడు: తీసుకురండి. ఇద్దరు పట్టుకోండి, కింద చేతులు పెట్టి ఎత్తండి, తిరగేయొద్దు. ఈ రోజే తెచ్చేయండి.

యాంకర్: థాంక్యూ అండి. సార్, మీకూ థాంక్యూ. కాల్ కలవనివాళ్ళు వచ్చే శనివారం ఇదే టైమ్‌కి చేయండి. ఇప్పుడు వార్తలు.