పాడనంటే నేరమా?

శ్రోతలకు నమస్కారం. నాకిచ్చిన టైము కాస్తే, కాబట్టి నేరుగా కథలోకి వస్తాను.

మన పెనుకొండ కోట చూసే ఉంటారు. సాళువ నరసింగరాయలు తాళ్లపాక అన్నమయ్యకు సంకెళ్లు వేయించింది అక్కడేనంటారు. ఆయన చేసిన నేరమేంటి? వెంకన్న మీద పాడినట్టే నా మీదా ఒక పాట కట్టమని రాజు అడిగితే, పాడను అన్నాడు. అంతే. పాడను అన్నాడు.

ఐదు వందల ఏళ్ల తర్వాత కేరళలో ముగ్గురు పిల్లలు అదే మాట అన్నారు. కొట్టాయం జిల్లాలో ఒక హైస్కూలు. అన్న పదో తరగతి, చెల్లెళ్లు తొమ్మిది, ఐదు. క్రైస్తవంలో యెహోవా సాక్షులు అని ఒక శాఖ ఉంది, ఆ శాఖకు చెందిన కుటుంబం. పొద్దున జనగణమన మొదలైతే ముగ్గురూ లేచి మర్యాదగా నిలబడతారు. పాడరు. తమ దేవుడికి తప్ప మరి దేనికీ అట్లా గొంతు కలపకూడదని వాళ్ల నమ్మకం. టీచర్లు ఎవరూ పట్టించుకోలేదు. 1985 జులైలో ఒక ఎమ్మెల్యే కంట్లో పడ్డారు. విషయం శాసనసభకెక్కింది. విచారణ కమిషన్ వేస్తే, పిల్లలు ఏ అగౌరవమూ చేయలేదనే చెప్పింది. అయినా జులై 26న ముగ్గురినీ బడి నుంచి తీసేశారు. తండ్రి వెళ్లి అడిగితే, నా చేతుల్లో ఏం లేదన్నారు హెడ్‌మిస్ట్రెస్. హైకోర్టులోనూ ఓడిపోయారు.

సుప్రీంకోర్టులో ఆ కేసు ఎవరి ముందుకు వచ్చిందనుకున్నారు? జస్టిస్ చిన్నపరెడ్డి. మన గుత్తి ఆయన! 1986 ఆగస్టు 11న తీర్పిచ్చారు. పాడి తీరాలని ఏ చట్టంలోనూ లేదు, లేచి నిలబడ్డారు, ఆ గౌరవం చాలు, పిల్లల్ని మళ్లీ చేర్చుకోండి అన్నారు. అందులో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది. ఆ నమ్మకం మన బుద్ధికి నచ్చిందా లేదా అన్నది ప్రశ్న కాదు, వాళ్లు మనస్ఫూర్తిగా నమ్ముతున్నారా లేదా అన్నదే ప్రశ్న. మళ్లీ చెప్తున్నా, మనకు నచ్చిందా అని కాదు.

అందరికీ ఇట్లాంటి జడ్జి దొరకడు. ఇదే మతం వాళ్లు దక్షిణ కొరియాలో సైన్యంలో చేరి తుపాకీ పట్టం అన్నందుకు 19 వేల మందికి పైగా జైలుకు పోయారు. 2018లో గానీ అక్కడి కోర్టులు వాళ్ల మాట వినలేదు. ఆఫ్రికాలోని ఎరిట్రియాలో ఇదే మతం వాళ్లు ముగ్గురిని 1994లో లోపలేసి 2020లో వదిలారు. 26 ఏళ్లు, విచారణ లేదు.

అంత దూరం ఎందుకు, నా సంగతే చెప్తా. టీచరుగా ఉన్నప్పుడు నా క్లాసులో ఒక పిల్లోడు ప్రార్థనకు చేతులు జోడించేవాడు కాదు. మొండితనమనుకుని ఎండలో నిలబెట్టాను. రెండు రోజులు. మూడో రోజు వాళ్లమ్మ వచ్చింది. కోపంగా కాదు. "చదవకపోతే కొట్టండి సారూ, నేనేమీ అనుకోను. ఈ మొక్కేది మాత్రం మా ఇంట్లో లేదు" అనింది. అప్పటికి చిన్నపరెడ్డి గారి తీర్పు వచ్చి పదేళ్లయింది. గుత్తికి గంట దూరంలో ఉంటూ నేను దాని పేరు కూడా వినలేదు.

రాజ్యాంగంలో 28వ అధికరణం చూడండి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడి అయినా, ప్రభుత్వ డబ్బు తీసుకునే బడి అయినా, మతపరమైన ప్రార్థనకు ఎవరినీ బలవంతంగా కూర్చోబెట్టకూడదు. పిల్లలైతే తల్లిదండ్రులో సంరక్షకులో ఒప్పుకోవాలి. ఏ మతం బడి అయినా, ఏ మతం పిల్లలైనా ఇదే లెక్క. జూన్‌లో బళ్లు తెరుస్తారు కదా. మీకు అభ్యంతరం ఉంటే గొడవ దాకా పోకుండా అడ్మిషన్ రోజే తెల్ల కాగితం మీద రెండు లైన్లు రాసి హెడ్‌మాస్టరుకు ఇవ్వండి. ఇంకో కాపీ మీద సంతకం, తేదీ వేయించుకుని ఇంట్లో దాచుకోండి.