పిసినారి లక్ష్మీపతి వేషానికి కోట సరిపోయారా?

అందరికీ నమస్కారం. కామెడీ సినిమాలో ఒక సహాయ నటుణ్ణి చూసి "ఈ వేషానికి ఈయన్నెందుకు పెట్టార్రా బాబూ" అని మనం చాలా తేలిగ్గా అనేస్తాం. ఆ మాట ఎప్పుడు నిజమవుతుంది, ఎప్పుడు కాదు అన్నదే నేను మాట్లాడదామనుకున్నది. దీనికి నేను పట్టుకున్న సినిమా మీ అందరికీ తెలిసిందే, జంధ్యాల తీసిన 'అహ నా పెళ్ళంట'.

సినిమా వచ్చింది 1987లో. అప్పటికి కోట శ్రీనివాసరావు అంటే జనానికి గుర్తొచ్చేది రెండేళ్ల కిందటి 'ప్రతిఘటన'లో కాశయ్య, ఆ తెలంగాణ యాసలో నవ్వుతూనే ఒళ్లు జలదరింపజేసిన రాజకీయ నాయకుడు. అలాంటి మనిషిని తీసుకొచ్చి పిసినారి లక్ష్మీపతిగా పెడతానంటే ఏ నిర్మాతకైనా టెన్షనే కదా. నిర్మాత రామానాయుడు మనసులో ఉన్నది రావు గోపాలరావు. కోటే కావాలని పట్టుబట్టింది జంధ్యాల. నిజం చెప్పాలంటే కాగితం మీద చూస్తే నిర్మాత ఆలోచనలో తప్పేం లేదు. 1975లో 'ముత్యాల ముగ్గు' కాంట్రాక్టరుగా విలనీతోనే నవ్వించి చూపించిన నటుడు రావు గోపాలరావు, పైగా కోట కంటే పెద్ద పేరు.

కానీ ఆ వేషం ఏం అడుగుతోందో చూడండి. కోడిని తాడుకి వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే మనిషి అతను. ఆ సీన్లో కోట మొహం గమనించండి, ఎక్కడా "చూశారా ఎంత తమాషాగా ఉందో" అన్న సైగ ఉండదు. నిజంగానే కోడికూర తింటున్నానన్న తృప్తితో తింటాడు. లక్ష్మీపతి దృష్టిలో అది జోకు కాదు, జీవితం. తన పద్ధతే సరైనదని, ప్రపంచమంతా డబ్బు తగలేస్తోందని మనస్ఫూర్తిగా నమ్మే మనిషి. రావు గోపాలరావు గొప్పతనమంతా మాటని నోట్లో పెట్టుకుని చప్పరించి, రుచి చూసి, అప్పుడు వదలడంలో ఉంది. పైగా నిండైన విగ్రహం. తిండి దగ్గరే లెక్కలు చూసుకునే పిసినారిగా ఆయన్ని ఊహించుకోవడం నా వల్ల కాలేదు. ఆయన చేసినా నవ్వేవాళ్లమే, అందులో డౌటు లేదు, కాకపోతే ఆయన మాటకి నవ్వేవాళ్లం, పిసినారితనానికి కాదు.

ఇంకో సంగతి, నాకు దీనికంటే ముఖ్యమైనది. కథలో రాజేంద్రప్రసాద్ ఆ ఇంట్లో చేరి, లక్ష్మీపతిని మించిన పిసినారిలా నటించి అతని కూతుర్ని పెళ్లి చేసుకోవాలి. అంటే లక్ష్మీపతి కనిపెట్టేస్తాడేమో అన్న భయం మనకి చివరిదాకా ఉండాలి. కాశయ్యని చూసిన ప్రేక్షకుడికి ఆ భయం ఊరికే వచ్చేస్తుంది, డైరెక్టరు విడిగా కష్టపడక్కర్లేదు. బ్రహ్మానందం అరగుండు వేషం పేలిందన్నా అందుకే! ఎదురుగా చేతులు కట్టుకుని, చాటున తిట్టుకునే పనివాడు నవ్వు పుట్టించాలంటే యజమాని నిజంగా యజమానిలా ఉండాలి. కోట కూడా నవ్విద్దామని చూసుంటే ఒకే ఫ్రేములో ఇద్దరు జోకర్లు మిగిలేవాళ్లు, అరగుండు తేలిపోయేవాడు.

మరి నిజంగా తప్పు ఎంపిక అంటే ఎలా ఉంటుంది? 1961 నాటి హాలీవుడ్ సినిమా 'బ్రేక్‌ఫస్ట్ ఎట్ టిఫనీస్' చూడండి. ఆడ్రీ హెప్‌బర్న్ ఇంటి పైన ఉండే జపాన్ మనిషి వేషం మికీ రూనీకి ఇచ్చారు. రూనీ చిన్నప్పట్నుంచీ తెరమీద ఉన్నవాడు, నవ్వించడంలో కాకలు తీరినవాడు. అయినా ఆ పెట్టుడు పళ్లు, ఆ మేకప్, ఆ అరుపులు చూస్తుంటే ఇప్పుడు ఇబ్బందిగా ఉంటుంది. ఒక జాతిని వెక్కిరించడమన్నది అసలు తప్పు, దాన్ని నేను తక్కువ చేయను. నటన లెక్కన చూసినా కుదరలేదు, ఎందుకంటే మిగతా సినిమా అంతా నెమ్మదిగా, సున్నితంగా నడుస్తుంటే ఆయనొక్కడు వేరే సినిమాలో ఉన్నట్టుంటాడు. దర్శకుడు బ్లేక్ ఎడ్వర్డ్స్ తర్వాత తనే ఆ ఎంపికకి బాధపడ్డాడు. కామెడీ బాగా వచ్చిన రూనీ కామెడీలో తేలిపోయాడు, విలన్‌గా పేరుపడ్డ కోట నిలబడ్డాడు.

1980లో వచ్చిన హాలీవుడ్ కామెడీ 'ఎయిర్‌ప్లేన్!' వాళ్లయితే కావాలనే అప్పటిదాకా సీరియస్ వేషాలేసిన లెస్లీ నీల్సన్ లాంటివాళ్లని తెచ్చుకున్నారు. అడ్డదిడ్డమైన మాటల్ని మొహం మీద చిరునవ్వైనా లేకుండా చెప్పించారు. ఆ తర్వాత నీల్సన్ కమెడియన్‌గానే మిగిలిపోయాడు, అది వేరే కథ.

'అహ నా పెళ్ళంట'లో పిసినారి జోకులు ఒక దశ దాటాక మళ్లీ మళ్లీ వచ్చినట్టుంటాయని, కోట అదే మొహంతో లాగించారని కొందరంటారు. జోకులు మళ్లీ మళ్లీ వచ్చాయన్న మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ అది రాతలో సాగదీత. ఒకే స్వభావం మీద అన్ని సీన్లు రాసి, నటుడు మొహం మార్చలేదంటే ఎలా? సీను సీనుకీ కొత్తగా ఏదో చెయ్యాలని చూసుంటే లక్ష్మీపతి మీద మనకున్న ఆ కాస్త నమ్మకం కూడా పోయేది.

రావు గోపాలరావు గారు చేసుంటే ఇంకా బాగుండేదని నాతో వాదించడానికి సిద్ధమైనవాళ్లు ముందు వరుసలోనే కనిపిస్తున్నారు. మైకు అటు ఇవ్వండి.