సిరామిక్ గ్రిల్‌కు చెక్క బండి: వదలాల్సిన ఖాళీలే అసలు పని

[దృశ్యం: ఆరుబయట గుడ్డు ఆకారపు సిరామిక్ గ్రిల్. పక్కన ఇంకా బిగించని చెక్కలు, నాలుగు చక్రాలు.]

అందరికీ నమస్కారం. ఈ గుండ్రటి కమాడో గ్రిల్‌కి, అంటే మూత పెట్టి బొగ్గుల మీద వండే పొయ్యికి, గోడలన్నీ మందపాటి సిరామిక్. 18 అంగుళాల జాలీ ఉండే సైజే 70 కిలోల పైన తూగుతుంది. లోపల వేడిని 350 డిగ్రీల సెల్సియస్ దాటించవచ్చు. ఇంత బరువునీ ఇంత వేడినీ తీసుకెళ్లి చెక్క బండి మీద పెట్టబోతున్నాం. అందుకే ఏ కలప కొన్నాం అన్నదానికన్నా, ఎక్కడెక్కడ ఎంత ఖాళీ వదిలాం అన్నదాన్నే నేను ముందు చూస్తాను.

[దృశ్యం: కింది చట్రం. అడ్డకర్రలు ఒక్కొక్కటిగా చేరతాయి.]

పని కింది అర (షెల్ఫ్) నుంచి మొదలుపెట్టండి. పైన నునుపుగా కనిపించే బల్ల గ్రిల్ బరువు మొయ్యదు, మోసేదంతా ఈ అరే. రెండు బై నాలుగు అని అమ్మే కర్ర అసలు కొలత ఒకటిన్నర బై మూడున్నర అంగుళాలు. దాన్ని పడుకోబెట్టకుండా నిలబెట్టి బిగించండి. అదే కర్ర నిలబడితే వంగకుండా ఆగే శక్తి 5 రెట్ల పైన పెరుగుతుంది. గ్రిల్ కూర్చునే చోట కింద అదనంగా రెండు అడ్డకర్రలు వెయ్యండి. చట్రం బిగించే ముందు మూల నుంచి మూలకు టేపుతో రెండు వైపులా కొలవండి. రెండు కొలతలూ ఒకటైతేనే చట్రం మూలమట్టంగా ఉన్నట్టు.

[దృశ్యం: చక్రం దగ్గరగా. ప్లేటు, నాలుగు బోల్టు రంధ్రాలు.]

ఇక చక్రాలు. గ్రిల్ 75 కిలోలు, చెక్క 45, బొగ్గు, గ్రిల్ కింద పెట్టే సిమెంటు పలక, సామాను కలిపి ఇంకో 30 అనుకుందాం. మొత్తం 150. దీన్ని నాలుగుతో భాగించకండి, మూడుతో భాగించండి. నేల ఎగుడుదిగుడుగా ఉన్న చోట ఒక చక్రం పైకి తేలుతుంది, బరువంతా మిగతా మూడింటి మీదే పడుతుంది. అంటే ఒక్కో చక్రం కనీసం 50 కిలోలు మొయ్యగలగాలి. కాస్త ఎక్కువ మోసేవే తీసుకోండి. కనీసం రెండింటికి బ్రేకు ఉండాలి.

చక్రాన్ని కాలి కర్ర చివర నేరుగా స్క్రూలతో బిగించడం నాకు నచ్చదు. కోసిన చివరలో నారకు స్క్రూ పట్టు తక్కువ, కుదుపులకు వదులైపోతుంది. చట్రం మూలలో మందపాటి చెక్క దిమ్మ పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకు బోల్టు దూర్చి, వాషర్ వేసి బిగించండి.

[దృశ్యం: అర మీద సిమెంటు పలక, దాని మీద గ్రిల్ పాదాలు.]

గ్రిల్‌ని ఒట్టి చెక్క మీద ఎప్పుడూ కూర్చోబెట్టకండి. రెండు అంగుళాల మందం సిమెంటు పలక గానీ, గ్రిల్ కంపెనీ ఇచ్చే పాదాలు గానీ ఉండాలి. నేనైతే రెండూ పెడతాను, గ్రిల్ అడుగున గాలి ఆడుతుంది. రోజుల తరబడి వేడి తగిలిన చెక్క ఎండి ఎండి, కొత్త చెక్క తట్టుకునే వేడికే మాడడం మొదలుపెడుతుంది. మొదటి నెలలో ఏమీ కాలేదు కదా అని ధీమా పడకూడదు. కింద గాలి తలుపు లోంచి నిప్పురవ్వలు కూడా రాలతాయి కాబట్టి, పలకను ఆ తలుపు ముందుకు బాగా వచ్చేలా పెట్టండి. బూడిద లాగే కడ్డీ తిన్నగా లోపలికి వెళ్లేలా ముందు వైపు అడ్డకర్ర లేకుండా వదిలెయ్యండి.

[దృశ్యం: గ్రిల్ నడుము చుట్టూ టేపు. తెర మీద లెక్క.]

ఇప్పుడు పై బల్లలో గుండ్రటి కోత. గ్రిల్ పై నుంచి దిగాలి కాబట్టి, మూత మొదలయ్యే చోటుకి కింద అన్నిటికన్నా లావుగా ఉన్న చోట చుట్టుకొలత తీసుకోండి. 160 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి. 3.14తో భాగిస్తే 51 సెంటీమీటర్ల వ్యాసం. చుట్టూ రెండున్నర చొప్పున ఖాళీ కలిపితే 56. అంటే మధ్యలో మేకు కొట్టి, దాని నుంచి 28 సెంటీమీటర్ల దూరంలో జిగ్‌సా (వంపులు కోసే కరెంటు రంపం) తిరిగేలా సన్న పట్టీ కట్టాలి. మీ గ్రిల్ పుస్తకంలో ఇంకా ఎక్కువ ఖాళీ చెబితే అదే పాటించండి. ముందు అట్టముక్క మీద కోసి, గ్రిల్ మీదుగా దింపి చూడండి. గ్రిల్ చుట్టూ ఉండే ఇనప పట్టీ బోల్టులు ఎంత బయటికి పొడుచుకొచ్చాయో అప్పుడు తెలుస్తుంది.

వెనక మడత బందు వైపు మూత పూర్తిగా తెరుచుకోవాలి, అక్కడ బల్ల అంచు అడ్డు రాకూడదు. ఎత్తు లెక్కలో చక్రాన్ని మరిచిపోకండి. 5 అంగుళాల చక్రం ప్లేటుతో కలిపి దాదాపు 6 అంగుళాల ఎత్తుంటుంది, ఆ మేరకు కాళ్లు పొట్టిగా కోసుకోవాలి.

[దృశ్యం: పలకల మధ్య సన్నని సందులు. నూనె పట్టిస్తున్న గుడ్డ.]

కలప గురించి రెండు మాటలు చాలు. టేకు, దేవదారు, తెల్ల ఓక్ ఎండావానలకు నిలుస్తాయి. వాటిలోని టానిన్ అనే వగరు పదార్థం మామూలు ఇనుముతో కలిసి నల్ల మరకలు చేస్తుంది కాబట్టి స్టెయిన్‌లెస్ స్క్రూలు వాడండి. బల్ల చెక్కల మధ్య సన్న సందు వదలండి. చెక్క తడికి వెడల్పులో ఉబ్బుతుంది, చోటు లేకపోతే వంకర పోతుంది.

అవిసె నూనె పట్టిస్తే ఆ గుడ్డలను ఉండచుట్టి మూల పడెయ్యకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి, గుడ్డ తనంతట తానే అంటుకోవచ్చు. బయట విప్పి పరిచి ఆరబెట్టండి.

[దృశ్యం: ఇద్దరు కలిసి గ్రిల్ దింపడం.]

ఎక్కించే ముందు లోపలి జాలీ, నిప్పుల గిన్నె, పొగగొట్టం మూత అన్నీ తీసేస్తే బరువు తగ్గుతుంది. కనీసం ఇద్దరుండాలి. మూత పిడి పట్టుకుని ఎత్తకండి. సిరామిక్ వేడిని తట్టుకుంటుంది గానీ దెబ్బను తట్టుకోదు. బండిని కదిలించాలంటే చల్లారాక, మీ వైపుకి మెల్లగా లాగండి. తోస్తే ముందు చక్రం దేనికైనా తగిలి బోల్తా కొట్టే ప్రమాదం ఉంది.

[దృశ్యం: మొదటి మంట.]

కొత్త గ్రిల్ అయితే మూత అంచున ఫెల్ట్ గ్యాస్కెట్ (సందు మూసే మెత్తటి పట్టీ) కుదురుకునే దాకా మొదట్లో తక్కువ వేడిలోనే వండాలి. బండిని పరీక్షించడానికీ అదే మంచి సమయం. గంట గడిచాక కింది అరకు అడుగు వైపున చెయ్యి ఆనించి చూడండి. ఆనించి ఉంచలేకపోతే గాలి తలుపులు మూసి మంట ఆర్పండి. అంతా చల్లారాక, పలకను మరో అంగుళం పైకి లేపి అప్పుడే మళ్లీ వెలిగించండి.