వన్స్ మోర్ అనకండి

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరసలో కూర్చున్న ఈ బ్యాండు పిల్లల అమ్మానాన్నలకు, కుర్చీలు చాలక వెనక నిలబడ్డ కుర్రాళ్లకు, అందరికీ నమస్కారం. "కొత్త ఆల్బం గురించి నాలుగు మంచి మాటలు చెప్పండి మాస్టారూ" అని నన్ను పిలిచారు. రికార్డు చేసింది నేనే. నా పనిని నేను పొగుడుకోవడం బాగుండదు. కాసేపట్లో మీరే వింటారు. నేను ఇంకో ఆల్బం గురించి చెబుతాను. 1993లో వచ్చింది. దాని పేరు 'ఇన్ యూటెరో'. చేసింది నిర్వాణ అనే అమెరికన్ రాక్ బ్యాండు.

ఎందుకు ఆ ఆల్బం అంటే, ఈ పిల్లలున్న చోటే అప్పుడు వాళ్లూ ఉన్నారు. వీళ్ల మొదటి పాట మీ అందరి ఫోన్లలో ఉంది. రెండేళ్లుగా ఎక్కడికి వెళ్లినా అదే పాట అడుగుతున్నారు. నిన్న సౌండ్ చెక్ మధ్యలో టీ తెచ్చిన అబ్బాయి కూడా అదే అడిగాడు. ప్రేమతోనే అడిగాడు. ఆ ప్రేమ గురించే నా భయం.

నిర్వాణ వాళ్లను సియాటిల్ బ్యాండ్ అంటారు గానీ, పాడే కర్ట్ కొబేన్, బేస్ వాయించే క్రిస్ట్ నోవొసెలిక్ కలిసింది అబర్డీన్ అనే ఊళ్లో. వాషింగ్టన్ రాష్ట్రంలో కలప మీద బతికిన చిన్న ఊరు. 1991 సెప్టెంబర్ 24న వాళ్ల 'నెవర్‌మైండ్' ఆల్బం వచ్చినప్పుడు రికార్డు కంపెనీ అమెరికాలో మొదట వేసింది సుమారు 46 వేల కాపీలే. కంపెనీకి ఉన్న ఆశ అంతే. జనవరి వచ్చేసరికి ఆ రికార్డు మైకేల్ జాక్సన్ 'డేంజరస్'ను పక్కకు నెట్టి మొదటి స్థానంలో కూర్చుంది. నాలుగు నెలలు కూడా కాలేదు. వ్యాన్‌లో తిరిగే ముగ్గురు కుర్రాళ్లు ప్రపంచమంతటికీ తెలిసిపోయారు.

తర్వాత ఏం చేయాలి? అందరూ చెప్పే సలహా ఒకటే. అలాంటిదే ఇంకొకటి చెయ్యి.

ఇక్కడ నేను మా ఊరి మాట చెప్పాలి. టైమ్ ఎక్కువైతే క్షమించండి, ఇది చెప్పకుండా ముందుకు వెళ్లలేను.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా నాన్న పద్య నాటకాలకు హార్మోనియం వాయించేవారు. హరిశ్చంద్ర నాటకంలో లోహితాస్యుడి వేషానికి ఏ పిల్లాడూ దొరకకపోతే నన్ను తీసుకెళ్లేవారు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. కాటిసీనులో నాకు మాటలు లేవు. పాము కరిచి చనిపోయినవాణ్ణి. చంద్రమతి ఒళ్లో తల పెట్టుకుని కళ్లు మూసుకుని పడుకోవాలి. దోమ కుట్టినా కదలకూడదు.

మా హరిశ్చంద్రుడు చాలా పెద్ద నటుడు, పేరు చెప్పను. ఆయన పద్యం ఎత్తుకుంటే పొలాల అవతలిదాకా వినిపించేది. పద్యం అవగానే జనంలోంచి "వన్స్ మోర్!" మళ్లీ పాడేవారు. మళ్లీ "వన్స్ మోర్!" చంద్రమతి మళ్లీ మొదటినుంచి ఏడవాలి. నేను మళ్లీ చచ్చిపోయి ఉండాలి. కళ్లు మూసుకుని ఉంటాను కదా, నాకు వినిపించేదల్లా ఆయన గొంతే. తలకు రెండడుగుల దూరం. మొదటిసారి ఆ గొంతులో ఏడుపు ఉండేది. కొడుకు నిజంగా పోయినట్టే ఉండేది, నాకే భయం వేసేది. రెండోసారి కొంచెం ఉండేది. నాలుగోసారికి రాగం ఒక్కటే మిగిలేది. దూరంగా ఉన్న జనానికి ఆ తేడా తెలిసేది కాదు. చప్పట్లు నాలుగోసారికే ఎక్కువ. నేను ఈ వృత్తిలోకి రావడానికి ఆ రెండడుగుల దూరమే కారణం అనుకుంటాను.

ఒక శివరాత్రి నాడు ఆయన ఆ పద్యాన్ని వేరేగా పాడారు. దీర్ఘాలు తగ్గించి, రాగం తీయకుండా, పక్కనున్న మనిషితో చెప్పుకున్నట్టు మెల్లగా. నా ఒళ్లు జలదరించింది. అంత బాగా పాడటం నేను మళ్లీ వినలేదు. జనంలో గోల మొదలైంది. "రాగం తియ్యవయ్యా!" అని అరుపులు. ఎవరో చెప్పు కూడా విసిరారు. ఆయన ఆగిపోయారు. నేను కళ్లు తెరిచి చూశాను. అలా చూడకూడదు, చూశాను. ఆయన ఒక్క నిమిషం ఊరికే నిలబడి, పాత పద్ధతిలోనే ఎత్తుకున్నారు. మూడు వన్స్ మోర్లు వచ్చాయి.

తెర వెనక రంగు తుడుచుకుంటూ మా నాన్నతో అన్నారు. "మేష్టారూ, ఈ పద్యం ఇక నాది కాదండీ." నాన్న ఏం మాట్లాడలేదు. హార్మోనియాన్ని గుడ్డలో చుడుతున్నారు.

సరే, నిర్వాణ దగ్గరికి వద్దాం. 1992 అక్టోబర్ 30న అర్జెంటీనాలో, బ్వేనోస్ ఐరిస్ స్టేడియంలో వాళ్ల కచేరీ. వాళ్లకంటే ముందు వాయించడానికి ఒక ఆడపిల్లల బ్యాండును వాళ్లే తీసుకెళ్లారు. జనం ఆ అమ్మాయిల మీద మట్టి, నాణేలు విసిరారు. నిర్వాణ వాళ్లకు ఒళ్లు మండింది. ఆ రోజు వాళ్ల ప్రఖ్యాతమైన పాట మొదటి గిటార్ ముక్కను మాటిమాటికీ మొదలుపెట్టారు, ఆపేశారు. పాట మాత్రం వాయించలేదు. మరుసటి సంవత్సరం నవంబర్‌లో టీవీ కోసం చేసిన అకూస్టిక్ కచేరీలోనూ ఆ పాట లేదు. పొగరు అన్నారు కొందరు. నాకైతే మా హరిశ్చంద్రుడే గుర్తొస్తాడు. పాటను కాపాడుకోవాలంటే కొన్నిసార్లు దాన్ని పాడకూడదు.

'నెవర్‌మైండ్' మరీ నునుపుగా వచ్చిందని కర్ట్‌కు అసంతృప్తి. అందుకని తర్వాతి ఆల్బంకు స్టీవ్ అల్బీనీని పిలిచారు. ఆయన షికాగో మనిషి. తనను ప్రొడ్యూసర్ అంటే ఒప్పుకునేవాడు కాదు, రికార్డింగ్ ఇంజనీర్ అనమనేవాడు. పనికి ముందు బ్యాండుకు ఒక ఉత్తరం రాశాడు. నాకు రాయల్టీ, అంటే అమ్మకాల్లో వాటా, వద్దు, ప్లంబర్‌కు ఇచ్చినట్టు పనికి కూలి ఇవ్వండి చాలు అన్నాడు. రాయల్టీ తీసుకుంటే లక్షల డాలర్లు వచ్చేవి. ఆయన తీసుకున్నది ఒకేసారి లక్ష డాలర్లు. 2024 మే నెలలో పోయాడు, 61 ఏళ్లకు. ఆ వార్త తెలిసిన రోజు నేను స్టూడియో తెరవలేదు.

1993 ఫిబ్రవరిలో మినెసోటా రాష్ట్రంలో, కానన్ ఫాల్స్ దగ్గర చెట్ల మధ్యనున్న పాకిడెర్మ్ స్టూడియో. ఎవరికీ తెలియకూడదని వేరే పేరుతో బుక్ చేసుకున్నారు. బయట మంచు. రెండు వారాల్లో రికార్డింగు, అన్ని శబ్దాలనూ సరిచూసి కలిపే మిక్సింగు రెండూ అయిపోయాయి. చాలావరకు అందరూ కలిసి ఒకేసారి వాయించారు. డేవ్ గ్రోల్ డ్రమ్స్ చుట్టూ, దూరంగా కూడా మైకులు పెట్టారు. ఒకటి రెండు పాటలకు డ్రమ్స్‌ను వంటగదిలోకి మార్చారు, అక్కడ శబ్దం గోడలకు తగిలి బాగా మోగుతుందని. ఇంటికి వెళ్లి హెడ్‌ఫోన్స్‌తో వినండి. డ్రమ్ దెబ్బ పడ్డాక ఆ గది ఎంత పెద్దదో మీ చెవికే తెలుస్తుంది. సింగపూర్ నుంచి ఒక మిత్రుడు ఆ క్యాసెట్ తెచ్చినప్పుడు నేను మద్రాసులో ఒక స్టూడియోలో అసిస్టెంటును. విన్నాక రాత్రంతా నిద్ర పట్టలేదు. తలకు రెండడుగుల దూరంలో ఒక గొంతు. నాకు తెలిసిన దూరమే అది.

మొదటి పాట మొదటి మాటల్లోనే కర్ట్ అంటాడు, పడుచుదనపు బాధ బాగానే డబ్బు తెచ్చిపెట్టింది, ఇప్పుడు విసుగొచ్చింది, ముసలివాణ్ణయ్యాను అని. ఆ రికార్డింగు రోజుల్లోనే అతనికి 26 నిండాయి.

కంపెనీ వాళ్లకు నచ్చలేదు. ఇది విడుదలకు పనికిరాదని కంపెనీ అంటోందని పత్రికల్లో వార్తలు. బ్యాండు 'బిల్‌బోర్డ్' అనే సంగీత పత్రికలో ఫుల్ పేజీ జవాబు అచ్చు వేయించింది. చివరికి 'హార్ట్ షేప్డ్ బాక్స్', 'ఆల్ అపాలజీస్' రెండు పాటలను స్కాట్ లిట్ అనే ఇంకో ప్రొడ్యూసర్ మళ్లీ మిక్స్ చేశాడు. అల్బీనీ నా గురువులాంటివాడే అయినా ఇక్కడ నేను పూర్తిగా ఆయన పక్షం కాదు. గొంతు, బేస్ కాస్త తెలియాలని బ్యాండే కోరుకుంది. వాళ్ల పాట, వాళ్ల నిర్ణయం.

నా అనుభవంలో అలా జరగలేదు. చాలా ఏళ్ల కిందట ఒక బ్యాండు రెండో ఆల్బం నేను రికార్డు చేశాను. కంపెనీ వాళ్లు విని, మొదటి హిట్టులాంటిది ఒక్కటీ లేదన్నారు. పిల్లలకు చెప్పకుండానే ఇంకెక్కడో డ్రమ్స్ తీసేయించి మెషీన్ బీట్ పెట్టించారు. డ్రమ్మర్ కుర్రాడు తన ఆల్బంను తన అమ్మకు కూడా వినిపించలేదు. ఆ బ్యాండు ఇప్పుడు లేదు. అసలు మిక్స్ ఉన్న హార్డ్ డిస్క్ నా బీరువాలో ఉంది. సంవత్సరానికి ఒకసారి తీసి, పని చేస్తోందో లేదో చూసుకుని మళ్లీ పెడతాను.

'ఇన్ యూటెరో' 1993 సెప్టెంబర్‌లో వచ్చింది. అమెరికాలో మొదటి వారం లక్షా 80 వేలు అమ్ముడై నేరుగా మొదటి స్థానానికి వెళ్లింది. వాల్‌మార్ట్, కేమార్ట్ లాంటి పెద్ద షాపులు మాత్రం పెట్టలేదు. తర్వాత వాటి కోసం వెనక అట్ట బొమ్మ, ఒక పాట పేరు మార్చి వేరే ముద్రణ తెచ్చారు. లొంగిపోయారని కొందరు తిట్టారు. చిన్నప్పుడు తమ ఊళ్లో పాటలు కొనుక్కోవడానికి అలాంటి షాపే దిక్కు, అక్కడి పిల్లలకు కూడా అందాలి అన్నది వాళ్ల కారణం. అలాంటి ఊరి నుంచే వచ్చినవాణ్ణి నేను. వాళ్లను ఒక్క మాట కూడా అనను.

ఇంకొకటి. 1994 ఏప్రిల్‌లో కర్ట్ చనిపోయాడు, 27 ఏళ్లకు, తన చేతులతోనే. అప్పటినుంచి ఈ ఆల్బంను అందరూ మరణ వాంగ్మూలంలా వింటున్నారు. దయచేసి అలా వినకండి. అతనికి డిప్రెషన్ ఉంది, హెరాయిన్ అలవాటు ఉంది, ఏళ్లతరబడి కడుపునొప్పి ఉంది. అవి జబ్బులు. పాటలు ఆ జబ్బుల నుంచి పుట్టలేదు. వాటిని మోస్తూ కూడా అతను చేసిన పని అది. ఈ హాల్లో ఎవరికైనా లోపల అలాంటి బరువు ఉంటే, ఈ రాత్రే పక్కవాడికి చెప్పండి. డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నాకు చెప్పినా సరే, నేను చివరిదాకా ఇక్కడే ఉంటాను.

అమ్మా, నాన్నా, మిమ్మల్ని కూడా అడుగుతున్నాను. మీ పిల్లలు ఈ కొత్త పాటలు మీకు వినిపించినప్పుడు "ఆ మొదటిదే బాగుంది" అన్నారట. వాళ్లు నాతో చెప్పారు, మైకు ఆన్‌లో ఉందని మర్చిపోయి. ఇంకోసారి వినండి.

ఈ రోజు వాయించే పాటల వరస స్టేజి మీద నేలకు అంటించి ఉంది. తొమ్మిది పాటలు. మీరు అడగబోయేది అందులో లేదు. రెండు రోజులు వాదించుకుని వాళ్లే తీసేశారు. దాని పేరు అరవకండి. గంటసేపు, అంతే. బాబూ, హాల్లో లైట్లు తగ్గించండి. నేను మిక్సర్ దగ్గరికి వెళ్తున్నాను.